వ్యాఖ్యల్లో స్పామ్: ఆపడం, ఏరడం, పేరుకున్నది తుడవడం (వర్డ్‌ప్రెస్, బ్లాగర్)

#1 గోదారిగట్టు (నిర్వాహకులు)

స్పామ్ మీద విడివిడిగా నడుస్తున్న ప్రశ్నలన్నీ ఇక్కడికి తెస్తున్నాను. ఎక్కువమంది అడుగుతున్నవి ఇవీ: అకిస్మెట్ (వర్డ్‌ప్రెస్‌లో స్పామ్ ఏరే ప్లగిన్) లేకుండా నెట్టుకురావచ్చా? క్యాప్చా పెడితే ఉన్న నలుగురు పాఠకులూ రాయడం మానేస్తారా? వేలల్లో పేరుకున్న చెత్తని డేటాబేస్ నుంచి ఎలా తీయాలి? ఈమధ్య శుభ్రమైన తెలుగులోనే వస్తున్న స్పామ్‌ని ఎలా పట్టాలి?

"ఫలానా ప్లగిన్ వేసుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చకండి. అదేం చేస్తుందో, ఎక్కడ తేడా కొడుతుందో కూడా రాయండి.

#2 పెన్నా_పక్కన

ప్లగిన్ల జోలికి పోయేముందు వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో డిస్కషన్ పేజీ పైనుంచి కిందిదాకా చదవండి. సగం పని అక్కడే అయిపోతుంది. పొరపాట్లు జరిగేదీ అక్కడే.

లింకుల పరిమితి: "ఇన్ని, అంతకన్నా ఎక్కువ లింకులుంటే ఆపి ఉంచు" అనే గడిలో మొదట 2 ఉంటుంది. అంటే ఒక్క లింకున్న వ్యాఖ్యని ఈ తనిఖీ పట్టించుకోదు. 1 పెట్టండి. 0 పెడితే ఒక్క లింకూ రానివ్వదని చాలామంది అనుకుంటారు గానీ, 0 పెడితే ఆ తనిఖీయే ఉండదు. పేరుతోపాటు ఇచ్చే వెబ్‌సైట్ చిరునామా ఈ లెక్కలోకి రాదని కూడా గుర్తుంచుకోండి. స్పామర్లకి కావాల్సింది చాలాసార్లు ఆ గడే.

"ఇంతకుముందు ఆమోదం పొందిన వ్యాఖ్య ఉండాలి": ఇది టిక్ పెట్టే ఉంచండి. పేరు, ఈమెయిల్ రెండూ పాత వ్యాఖ్యతో సరిపోతేనే కొత్తది నేరుగా వెళ్తుంది. దీన్ని దాటడానికి వాళ్ల పద్ధతి ఏమిటంటే, ముందు లింకు లేకుండా "చాలా చక్కగా వివరించారు" అని ఒకటి వదులుతారు. మీరు మురిసిపోయి ఆమోదిస్తారు. ఆ తర్వాత అదే పేరుతో వరద. టపాలోని ఒక్క విషయాన్నీ ముట్టుకోని మెచ్చుకోలుని ఆమోదించకపోతే పోయేదేమీ లేదు.

పింగ్‌బ్యాక్, ట్రాక్‌బ్యాక్ (వేరే సైటు మీ టపాకి లింకు ఇచ్చిందని వ్యాఖ్యల్లో పడే కబురు): తీసేయండి. అయితే పేజీ మొదట్లో ఉండే ఆ టిక్కులు ఇకమీదట రాసే టపాలకే వర్తిస్తాయి. పాతవాటికి టపాల జాబితాలో అన్నీ ఎంచుకుని, బల్క్ ఎడిట్‌లో పింగ్స్ దగ్గర "అనుమతించవద్దు" ఎంచాలి. స్క్రీన్ ఆప్షన్స్‌లో పేజీకి 100 టపాలు చూపించమంటే పని త్వరగా తెమలుతుంది. "ఆపేశాను, అయినా వస్తున్నాయి" అనేవాళ్లలో ఎక్కువమంది వదిలేసిన మెట్టు ఇదే.

మెయిల్ నోటీసులు: దాడి నడుస్తున్నంతసేపు రెండు టిక్కులూ తీసేయండి. షేర్డ్ హోస్టింగ్‌లో గంటకి ఇన్ని మెయిళ్లని పరిమితి ఉంటుంది. స్పామ్ నోటీసులతోనే అది నిండిపోతే పాస్‌వర్డ్ మార్చుకునే మెయిల్ కూడా బయటికి వెళ్లదు.

#3 బూడిదగుమ్మడి

14 రోజులు దాటిన టపాలకి వ్యాఖ్యలు వాటంతటవే మూసుకునే సెట్టింగ్ కూడా అక్కడే ఉంది కదండీ. అది పెడితే స్పామ్ ఒక్కసారిగా తగ్గిపోతుంది. బాట్లకి (స్పామ్ పంపే ప్రోగ్రాములకి) పాత టపాలంటేనే ఇష్టం. గూగుల్‌లో పైకి వచ్చేవి అవే మరి.

#4 తుంగభద్ర_లెక్కలు

గుమ్మడి గారూ, వార్తల సైటుకైతే సరే. కథలు, వంటలు, పాత పాటలు, వ్యాకరణం రాసేవాళ్లకి ఆ సెట్టింగ్ పెద్ద దెబ్బ. పదేళ్లనాటి టపాకి ఇవాళ వెతుక్కుంటూ వచ్చినవాళ్లు "ఈ పద్యం మా తాతగారు మరోలా చదివేవారు" అని రాసే వ్యాఖ్యకోసమే కదా బ్లాగు తెరిచి ఉంచేది.

దీనికి బ్లాగర్‌లో మంచి మార్గం ఉంది. సెట్టింగ్స్‌లో వ్యాఖ్యల మోడరేషన్ "కొన్నిసార్లు" అని పెట్టి, ఇన్ని రోజులు దాటిన టపాలకి అని చెబితే కొత్తవి నేరుగా, పాతవి మీరు చూశాక వెళ్తాయి. వర్డ్‌ప్రెస్ కోర్‌లో ఇది లేదు. టపా తేదీ చూసి వ్యాఖ్యని పెండింగ్‌లో పెట్టే చిన్న ఫిల్టర్ రాసుకోవాలి. "ప్రీ కామెంట్ అప్రూవ్డ్" అనే హుక్ (మన కోడ్ తగిలించే చోటు) దగ్గర 0 (పెండింగ్ అని అర్థం) తిప్పి పంపితే చాలు. ముందే స్పామ్ అని తేలినదాన్ని మాత్రం 0గా మార్చేయకండి, అది మళ్లీ మీ వరసలోకి వచ్చి కూర్చుంటుంది.

#5 ఓరుగల్లు_సర్వర్

ఇప్పటిదాకా చెప్పినవన్నీ వ్యాఖ్య లోపలికి వచ్చాక ఏరే పద్ధతులు. వాకిట్లోనే ఆపేవి రాస్తాను.

బాట్లలో ఎక్కువభాగం మీ పేజీ తెరవవు. "డబ్ల్యూపీ-కామెంట్స్-పోస్ట్" అనే ఫైలుకి నేరుగా డేటా పంపేస్తాయి. పేరు, ఈమెయిల్, వెబ్‌సైట్, వ్యాఖ్య అనే నాలుగు గడుల పేర్లు అన్ని వర్డ్‌ప్రెస్ సైట్లలోనూ ఒకటే కాబట్టి వాటికి ఫారం చూడాల్సిన అవసరమే లేదు. దీన్నే మనకి అనుకూలంగా వాడుకోవచ్చు.

ఫారంలోంచి వెబ్‌సైట్ గడి తీసేయండి (డిఫాల్ట్ ఫీల్డ్స్ ఫిల్టర్‌లో ఒక్క లైను). గడి కనిపించదు గానీ బాటు దాన్ని నింపే పంపుతుంది. సర్వర్‌కి ఆ గడి నిండి వచ్చిందంటే పంపింది మనిషి కాదు, స్పామ్‌లో వేసేయండి. కొత్తగా గడి కనిపెట్టక్కర్లేదు, జావాస్క్రిప్ట్ అక్కర్లేదు, పాఠకుడికి తేడా తెలియదు. జాగ్రత్తలు మూడు:

ఒకటి, తనిఖీ చేయాల్సింది ఫారం నుంచి వచ్చిన ముడి డేటాని. వర్డ్‌ప్రెస్ తయారుచేసి ఇచ్చే వ్యాఖ్య వివరాల్ని చూస్తే, లాగిన్ అయినవాళ్ల ప్రొఫైల్‌లోని చిరునామా అందులో ముందే నిండి ఉంటుంది. మీ సహరచయితలే స్పామర్లయిపోతారు.

రెండు, మార్పు చేసిన వెంటనే పేజీ క్యాష్ (ముందే దాచి ఉంచి చూపించే నకలు) ఖాళీ చేయండి. లేకపోతే పాత ఫారం ఇంకా కొందరికి కనిపిస్తూ, దాన్ని నింపిన నిజమైన పాఠకులు ఉచ్చులో పడతారు.

మూడు, మొదటి రెండు వారాలు దేన్నీ తిరస్కరించకండి. స్పామ్ ఫోల్డర్‌లోకి పంపి ఊరుకోండి. అక్కడ మంచివి ఏమీ పడట్లేదని తేలాకే గట్టిగా తిప్పికొట్టండి.

#6 మినపట్టు

మామూలు హనీపాట్‌కీ దీనికీ తేడా ఏముంది? కనపడని గడి పెట్టి, అది నిండితే స్పామ్ అనుకోవడమేగా?

#7 ఓరుగల్లు_సర్వర్

తేడా బ్రౌజర్ ఆటోఫిల్ దగ్గర. కనపడని గడికి ఫోన్, అడ్రస్, కంపెనీ లాంటి పేరు పెడితే ఆటోఫిల్ దాన్ని కూడా నింపేస్తుంది. పాపం పాఠకుడికి తను నింపినట్టే తెలియదు, వ్యాఖ్య మాయం. ఫారంలో అసలు లేని గడికి ఈ గొడవ ఉండదు.

హనీపాట్ పెట్టాలనుకుంటే గడి పేరు అర్థంలేని అక్షరాలుగా ఉంచండి. ఆటోకంప్లీట్ ఆఫ్, ట్యాబ్ఇండెక్స్ మైనస్ 1, ఏరియా-హిడెన్ ట్రూ, ఈ మూడూ తప్పనిసరి. చివరిది మరిచిపోతే స్క్రీన్ రీడర్ వాడే అంధ పాఠకులకి ఆ గడి చదివి వినిపిస్తుంది, వాళ్లు నింపుతారు.

ఇక "3 సెకన్లలోపు పంపితే బాటు" అనే సమయపు ఉచ్చు. మంచిదే గానీ ఆ సమయాన్ని సర్వర్ పేజీలో ముద్రిస్తే క్యాష్ దెబ్బకొడుతుంది. పేజీ నిన్న క్యాష్ అయితే అందరూ నిన్ననే ఫారం తెరిచినట్టు లెక్క వస్తుంది, ఏ బాటూ పట్టుబడదు. నాన్స్‌ల (ఫారం అసలుదేనని చెప్పే తాత్కాలిక గుర్తుల) సంగతీ అంతే, 24 గంటల్లో చెల్లకుండా పోతాయి. క్యాష్ అంతకన్నా పాతదైతే మంచివాళ్లే ఆగిపోతారు. సమయాన్ని బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌తో రాయించాలి.

#8 బూడిదగుమ్మడి

ఇంత కష్టం దేనికి, క్యాప్చా పెడితే పోలా?

#9 తుంగభద్ర_లెక్కలు

తెలుగు బ్లాగుల్లో "వర్డ్ వెరిఫికేషన్ తీసేయండి బాబూ" అని వచ్చిన విన్నపాలు మరిచిపోయినట్టున్నారు :) లేఖినిలోనో ఫోన్ కీబోర్డులోనో కష్టపడి పది లైన్లు కొట్టినవాడికి చివర్లో వంకర అక్షరాలు చూపిస్తే, మళ్లీ రాడు.

ఇప్పుడున్నవాటిలో క్లౌడ్‌ఫ్లేర్ సంస్థవాళ్ల టర్న్‌స్టైల్ నయం. 2022లో వచ్చింది, ఉచితం, బొమ్మలు ఎంచమనదు. పెట్టేటప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి. విడ్జెట్ పేజీలో కనిపించినంతమాత్రాన రక్షణ వచ్చినట్టు కాదు. అది ఇచ్చే టోకెన్‌ని (పరీక్ష దాటినట్టు ఇచ్చే చీటీని) మీ సర్వర్ వాళ్ల సర్వర్‌కి పంపి నిర్ధారించుకోవాలి. ఈ రెండో భాగం లేకుండా అలంకారంగా పెట్టిన సైట్లు బోలెడు. నేరుగా ఫైలుకి పంపే బాటుకి విడ్జెట్‌తో పనేముంది?

రెండోది, టోకెన్ గడువు 300 సెకన్లు, ఒక్కసారే చెల్లుతుంది. అయిదు నిమిషాలు మించి రాసేవాళ్లు మన దగ్గర ఎక్కువ. గడువు తీరితే దానంతటదే కొత్తది తెచ్చుకునే సెట్టింగ్ మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది, కొన్ని థీమ్‌ల కోడ్ దాన్ని ఆపేస్తుంది. పెట్టాక ఫారం తెరిచి, ఆరేడు నిమిషాలు ఆగి పంపి చూడండి.

గూగుల్ రీక్యాప్చా మూడో వెర్షన్ 0.0 (బాటు కావచ్చు) నుంచి 1.0 (మనిషి కావచ్చు) వరకు మార్కు ఇస్తుంది. 0.5 దగ్గర గీత గీయమని గూగుల్ సలహా. మార్కు తక్కువొచ్చిన వ్యాఖ్యని తోసేయకుండా పెండింగ్‌లో పెడితేనే దాన్ని వాడడంలో అర్థం ఉంది.

#10 మినపట్టు

ఐపీలు బ్లాక్ చేయడం గురించి ఎవరూ రాయలేదు. స్పామ్ వచ్చిన ప్రతి ఐపీనీ జాబితాలో వేస్తే?

#11 ఓరుగల్లు_సర్వర్

వద్దు. బాట్లు ఐపీ మార్చుకుంటూనే ఉంటాయి, జాబితా పెరుగుతుందే గానీ స్పామ్ తగ్గదు. మనదేశంలో మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే ఐపీవీ4 చిరునామా వెనక ఒకేసారి ఎందరో ఉంటారు. ఒకణ్ని ఆపబోయి మిగతా అందరినీ ఆపుతారు.

ఇంకో పెద్ద ప్రమాదం. సైటు క్లౌడ్‌ఫ్లేర్ వెనక ఉండి (సందర్శకులు వాళ్ల సర్వర్ల మీదుగా వస్తూ), అసలు సందర్శకుడి ఐపీని సర్వర్ తిరిగి తీసుకునేలా అమర్చకపోతే ప్రతి వ్యాఖ్య పక్కనా క్లౌడ్‌ఫ్లేర్ ఐపీయే కనిపిస్తుంది. దాన్ని బ్లాక్ చేస్తే మీ పాఠకుల్నే బ్లాక్ చేసుకున్నట్టు. ఇదే లోపం వల్ల ఇంకో వింత జరుగుతుంది. ఒకే ఐపీ నుంచి 15 సెకన్లలోపు రెండు వ్యాఖ్యలొస్తే వర్డ్‌ప్రెస్ "మరీ వేగంగా రాస్తున్నారు" అని ఆపుతుంది. కొత్త టపా పడగానే ఇద్దరు వేర్వేరు మనుషులు రాసినా రెండోవారికి ఆ సందేశం వస్తుంది. అలాంటి ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది వ్యాఖ్యల జాబితాలోని ఐపీలని. అన్నీ ఒకే గుంపులోవైతే కారణం అదే. అపాచీలో రిమోట్‌ఐపీ మాడ్యూల్, ఎన్‌జిన్ఎక్స్‌లో రియల్ఐపీ మాడ్యూల్ సరిచేయాలి. అసలు ఐపీ మోసుకొచ్చే హెడర్‌ని క్లౌడ్‌ఫ్లేర్ చిరునామాల నుంచి వస్తేనే నమ్మేలా పెట్టండి. ఎవరు పంపినా నమ్మితే బాట్లు తమకి నచ్చిన ఐపీ రాసి పంపుతాయి.

క్లౌడ్‌ఫ్లేర్ ఉన్నవాళ్లు ఉచిత ప్లాన్‌లోనే ఒక కస్టమ్ రూల్ రాసుకోవచ్చు: వ్యాఖ్యలు తీసుకునే ఫైలుకి పోస్ట్ పద్ధతిలో వచ్చి, రెఫరర్‌లో (ఏ పేజీ నుంచి వచ్చిందో చెప్పే వివరంలో) మన డొమైన్ లేకపోతే మేనేజ్డ్ ఛాలెంజ్ (మనిషో కాదో తేల్చే పరీక్ష). తెలివైన బాటు రెఫరర్‌ని కూడా అబద్ధం చెబుతుంది గానీ మొద్దు బాట్లు సర్వర్ దాకా రావు. మీ సైటు రెఫరర్ పాలసీ "నో-రెఫరర్" అని ఉంటే మాత్రం ఈ రూల్ పెట్టకండి, అందరికీ ఛాలెంజ్ తగులుతుంది.

#12 చింతచిగురు

తెలుగు స్పామ్ సంగతి రాస్తాను. వశీకరణం, బెట్టింగ్ యాప్‌లు, తక్షణ లోన్లు, ఇంటి నుంచి ఉద్యోగాలు. ఈ నాలుగే తిరిగి తిరిగి వస్తాయి. డిస్కషన్ పేజీ కింద "డిసెలవ్డ్ కామెంట్ కీస్" గడిలో మాటలు వేస్తే ఆ వ్యాఖ్య నేరుగా ట్రాష్‌లోకి పోతుంది. స్పామ్‌లో కూడా కనిపించదు. అందుకే అక్కడ తెలుగు మాటలు వేసేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

ఆ గడి మాట మధ్యలో కూడా వెతుకుతుంది. "రుణం" అని వేస్తే "తరుణం", "దారుణం" ఉన్న వ్యాఖ్యలు ఎగిరిపోతాయి. "రుణ" అని వేస్తే అరుణ గారు, కరుణ గారు, వరుణ్ గారు ముగ్గురూ ఇక మీ బ్లాగులో రాయలేరు, ఎందుకంటే పేరు గడిలో కూడా వెతుకుతుంది. "లోన్" వేస్తే "రేడియో సిలోన్" గురించి రాసినవాళ్లూ పోతారు, "సైక్లోన్" గురించి రాసినవాళ్లూ పోతారు.

రెండో చిక్కు కనపడని అక్షరం. "ఆన్‌లైన్" అని రాసేటప్పుడు న్ తర్వాత పొల్లు నిలబడడానికి జీరో విడ్త్ నాన్ జాయినర్ పడుతుంది. కొందరి కీబోర్డులో పడదు, "ఆన్లైన్" అవుతుంది. చదివేవాళ్లకి ఒకటే మాట, వెతికే ప్రోగ్రాముకి రెండు. రెండు రూపాలూ వేయాలి.

నా సలహా: ఒంటి తెలుగు మాటలేవీ డిసెలవ్డ్‌లో వేయకండి. దానిపైన ఉండే "కామెంట్ మోడరేషన్" గడిలో వేయండి, వ్యాఖ్య ఆగుతుందే గానీ పోదు. లింకు లేకుండా వాట్సాప్ నంబరు మాత్రమే ఇచ్చేవాళ్లకోసం "+91" కూడా ఇక్కడే. డిసెలవ్డ్‌లో వేయదగ్గవి స్పామ్ డొమైన్ల పూర్తి పేర్లు మాత్రమే.

#13 మినపట్టు

తెలుగు అక్షరం ఒక్కటి కూడా లేని వ్యాఖ్యని స్పామ్ అనేస్తే సరిపోదా? నూటికి తొంభై వాటితోనే పోతాయి కదా.

#14 చింతచిగురు

"chala bagundi" ధోరణిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవాళ్లు ఏమవ్వాలి? అమెరికాలో ఆఫీసు కంప్యూటర్ నుంచి రాసేవాళ్లలో అలాంటివాళ్లు బాగా ఉన్నారు. రెండు గుర్తులు కలిస్తేనే శిక్ష వేయండి: తెలుగు అక్షరం లేదు, లింకు ఉంది అంటే స్పామ్. తెలుగు అక్షరం లేదు, లింకూ లేదు అంటే పెండింగ్.

కోడ్ రాసేవాళ్లకి: యూనికోడ్‌లో తెలుగు గడులు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు. పీహెచ్‌పీ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో చివర యూ మాడిఫయర్ మరిచిపోతే అక్షరాలుగా కాక బైట్లుగా పోలుస్తుంది, ఫలితం పనికిరాదు.

కృత్రిమ మేధతో రాయించి, టపా శీర్షికలోని మాటలే తిప్పి పంపే వ్యాఖ్యలకి ఈ జల్లెడ పనిచేయదు. తెలుగు ఉంటుంది, తప్పులు ఉండవు. వాటిని పట్టించేది ఓరుగల్లు గారు చెప్పిన వెబ్‌సైట్ గడే. అది లేకపోతే వాళ్లకి గిట్టుబాటు ఉండదు. మనిషిని కూర్చోబెట్టి రాయించినా అంతే.

#15 పెన్నా_పక్కన

అకిస్మెట్ ప్రశ్న మిగిలిపోయింది. బాగా పనిచేస్తుంది, అందులో వాదన లేదు. ఉచిత ప్లాన్ వ్యక్తిగత, వ్యాపారేతర బ్లాగులకే. ప్రకటనలు పెట్టుకున్నవాళ్లు డబ్బు కట్టాలి. వ్యాఖ్య, ఐపీ, బ్రౌజర్ వివరాలు బయటి సర్వర్‌కి వెళ్తాయి. యూరప్‌లో పాఠకులున్నవాళ్లు ఫారం కింద ఆ సంగతి చెప్పే నోటీసు ఆన్ చేయాలి. అది పట్టుకున్న స్పామ్ 15 రోజుల్లో దానంతటదే చెరిగిపోతుంది. కాబట్టి వారానికోసారైనా స్పామ్ ఫోల్డర్ చూడకపోతే అందులో పడిన మంచి వ్యాఖ్య తిరిగి రాదు. "మరీ దారుణమైన స్పామ్‌ని చూపించకుండా పారేయి" అనే ఎంపిక మొదట్లో వద్దు.

తప్పించుకున్నదాన్ని ట్రాష్ చేయకండి, స్పామ్ బటన్ నొక్కండి. ట్రాష్ నొక్కితే అది ఏమీ నేర్చుకోదు.

బయటికి డేటా పంపడం ఇష్టం లేనివాళ్లు యాంటీస్పామ్ బీ చూడండి. అసలు వ్యాఖ్య గడిని ఉచ్చుగా మార్చి, మనుషులకి వేరే గడి చూపిస్తుంది. సొంత ఫారం, అజాక్స్ వ్యాఖ్యలు (పేజీ మళ్లీ తెరవకుండానే చేరేవి) ఉన్న థీమ్‌లతో ఒక్కోసారి గొడవపడుతుంది. వేశాక లాగౌట్ అయి ఒక వ్యాఖ్య రాసి చూసుకోండి.

#16 తుంగభద్ర_లెక్కలు

పింగ్‌బ్యాక్ మాట వచ్చింది కాబట్టి: ఎక్స్ఎంఎల్-ఆర్పీసీలో (బయటి ప్రోగ్రాములు వర్డ్‌ప్రెస్‌తో మాట్లాడే ఫైలులో) పింగ్‌బ్యాక్ తెరిచి ఉంటే మీ సైటుని ఇతరుల మీద దాడికి కూడా వాడుకోవచ్చు. 2014 మార్చిలో 1,62,000కి పైగా వర్డ్‌ప్రెస్ సైట్లని అలా వాడిన దాడిని సుకురి సంస్థ బయటపెట్టింది. ఆ ఫైలు మొత్తం మూసేస్తే జెట్‌ప్యాక్ ప్లగిన్‌కి ఇబ్బంది. పింగ్‌బ్యాక్ పద్ధతిని మాత్రం ఫిల్టర్‌తో తీసేస్తే సరిపోతుంది.

#17 ఓరుగల్లు_సర్వర్

పేరుకున్న స్పామ్ తుడవడం. వేలల్లో ఉంటే "ఎంప్టీ స్పామ్" బటన్ మధ్యలో టైమౌట్ అవుతుంది. బ్యాకప్ తీసుకుని, పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో వ్యాఖ్యల టేబుల్ నుంచి ఆమోదపు గడిలో "స్పామ్" అని ఉన్న వరసల్ని 5,000 చొప్పున చెరపండి. అన్నీ ఒకేసారి అంటే షేర్డ్ హోస్టింగ్‌లో టేబుల్ లాక్ అయి సైటు ఆగిపోతుంది.

అక్కడితో ఆపేస్తే సగం చెత్త మిగులుతుంది. అకిస్మెట్ ప్రతి వ్యాఖ్యకీ కామెంట్‌మెటా టేబుల్‌లో ఫలితం, చరిత్ర అంటూ విడిగా వరసలు రాస్తుంది. వ్యాఖ్య పోయినా అవి అనాథలుగా ఉంటాయి. వ్యాఖ్యల టేబుల్‌లో లేని నంబర్లున్న మెటా వరసల్ని కూడా తీసి, తర్వాత రెండు టేబుళ్లనీ ఆప్టిమైజ్ చేయండి. ఆ సమయంలో టేబుల్‌కి కొత్త నకలు తయారవుతుంది కాబట్టి డిస్క్‌లో అంత ఖాళీ ఉండాలి.

ఆమోదం పొందిన వ్యాఖ్యల్ని కూడా ఇలా నేరుగా తీస్తే టపా కింద "12 వ్యాఖ్యలు" అని ఉండి, తెరిస్తే మూడే కనిపిస్తాయి. ఆ లెక్క టపాల టేబుల్‌లో వేరుగా ఉంటుంది. డబ్ల్యూపీ-సీఎల్ఐలో (వర్డ్‌ప్రెస్‌ని ఆదేశాలు టైపు చేసి నడిపే పనిముట్టులో) కామెంట్ రీకౌంట్ ఆదేశం దాన్ని సరిచేస్తుంది.

#18 బూడిదగుమ్మడి

బ్లాగర్ వాళ్లం సర్వర్ ముట్టుకోలేం. మాకేంటి దారి? పైగా "వ్యాఖ్య రాస్తే మాయమవుతోంది" అంటున్నారు పాఠకులు. స్పామ్ ఫిల్టరే మింగుతోందా?

#19 తుంగభద్ర_లెక్కలు

రెండు వేరు కారణాలు ఉండొచ్చు. ముందు డాష్‌బోర్డ్‌లో వ్యాఖ్యల పేజీ తెరిచి స్పామ్ విభాగం చూడండి. అక్కడుంటే "స్పామ్ కాదు" నొక్కండి. అక్కడ కూడా లేకపోతే అసలు వ్యాఖ్య చేరనే లేదు. టపా కిందే అతికి ఉండే ఫారం నిజానికి బ్లాగర్ డొమైన్ నుంచి వచ్చే ఫ్రేమ్. మూడోపక్షం కుకీలని ఆపే బ్రౌజర్లలో, ముఖ్యంగా సఫారీలో, గూగుల్ ఖాతాతో రాసింది పోతూ ఉంటుంది. వ్యాఖ్యల స్థానాన్ని "పూర్తి పేజీ"కో "పాపప్ విండో"కో మార్చండి.

ఎవరు రాయవచ్చు అన్నచోట అజ్ఞాతలకి తలుపు తీయాలా అనేది మీ ఇష్టం. గూగుల్ ఖాతా ఉన్నవాళ్లకే అని పెడితే బాట్లు చాలావరకు పోతాయి, ఖాతా చెప్పడం ఇష్టంలేని పాఠకులూ పోతారు. అజ్ఞాతలు కావాలంటే మోడరేషన్ "ఎల్లప్పుడూ" పెట్టుకోవాలి. ఒకే టపా మీద దాడి జరుగుతుంటే ఎడిటర్‌లో ఆ టపా ఎంపికల్లో "అనుమతించవద్దు, ఉన్నవి చూపించు" ఎంచండి. పక్కనే ఉన్న "ఉన్నవి దాచు" నొక్కితే పాత చర్చ కూడా కనపడదు, చూసి నొక్కండి.

#20 చింతచిగురు

ఎవరూ ఎత్తని సంగతి ఒకటి. 2006-2010 మధ్య తెలుగు బ్లాగుల్లో వ్యాఖ్యలు రాసిన ఎందరో తమ సొంత డొమైన్ చిరునామా ఇచ్చారు. వాళ్లలో కొందరు రెన్యువల్ మానేశాక ఆ పేర్లని ఎవరో కొనుక్కుని జూదం సైట్లు పెట్టారు. అప్పటి మంచి వ్యాఖ్య ఇప్పుడు మీ పేజీలో జూదానికి లింకు. ఏ స్పామ్ ప్లగినూ దీన్ని పట్టదు, అది ఎప్పుడో ఆమోదం పొందింది కదా.

#21 గోదారిగట్టు (నిర్వాహకులు)

దానికి ఏం చేయాలి? వ్యాఖ్యలు తీసేయడం అన్యాయం. ఆ లింకులకి నోఫాలో (ఈ లింకుని లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ ఇంజన్‌కి చెప్పే గుర్తు) ఉంటుంది కదా, గూగుల్ వదిలేయదా?

#22 చింతచిగురు

నోఫాలో 2005లో స్పామ్ కోసమే పుట్టింది. వర్డ్‌ప్రెస్ వ్యాఖ్యల లింకులకి అది ఉంటుంది, 5.3 నుంచి యూజీసీ (పాఠకులు రాసినది) అనే గుర్తు కూడా చేరింది. కానీ గూగుల్ దాన్ని ర్యాంకుల లెక్కలో 2019 సెప్టెంబరు నుంచి, పేజీలు వెతికి చేర్చుకునేటప్పుడు 2020 మార్చి నుంచి ఆజ్ఞగా కాక సూచనగానే తీసుకుంటోంది. గూగుల్ సంగతి అలా ఉంచినా, నొక్కిన పాఠకుడు వెళ్లేది జూదం సైటుకే.

వ్యాఖ్యని ఉంచి చిరునామా మాత్రం తీయండి. బ్యాకప్ తీసుకుని, వ్యాఖ్యల టేబుల్‌లో ఫలానా తేదీకి ముందున్న వరసల్లో రచయిత చిరునామా గడిని ఖాళీ చేయమని ఒక్క అప్‌డేట్ ఆదేశం. వ్యాఖ్య రకం పింగ్‌బ్యాక్ అని ఉన్నవాటిని అందులోంచి మినహాయించి విడిగా చూడండి, వాటికి ఆ చిరునామాయే ప్రాణం. తర్వాత క్యాష్ ఖాళీ చేయాలి. వ్యాఖ్య లోపల రాసిన లింకులు దీంతో పోవు. వాటికి బ్రోకెన్ లింక్ చెకర్ కూడా సాయపడదు, ఎందుకంటే ఆ సైటు బతికే ఉంది, 200 (పేజీ ఉంది) అనే జవాబిస్తుంది. వ్యాఖ్యల్లోని డొమైన్ల జాబితా తీసి కళ్లతో చూసుకోవడమే.